లావు రెసిస్టెన్సు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో శాలిబండలో మా అన్న, నేను లౌడ్‌స్పీకర్ల దుకాణం నడిపేవాళ్ళం. యాంప్లిఫయర్లు మేమే కట్టేవాళ్ళం. కొత్త సామాను రావడం ఆగిపోయింది. పాత సామాను అమ్మే జుమ్మేరాత్ బజారులో పాడైన రేడియోలు కొని, వాటిలో కరెంటును తగ్గించే రెసిస్టెన్సులు పీకి, మీటరు పెట్టి చూసి పనికొచ్చేవి ఏరుకునేవాళ్ళం. చిట్లినవి, కాలిన వాసన వచ్చేవి అన్న అవతల పడేసేవాడు.

ఒక మధ్యాహ్నం మా గల్లీ పహిల్వాను ఇద్దరు మనుషులను వెంటేసుకొని వచ్చాడు. సాయంత్రం మలక్‌పేటలో అతని కుస్తీ. అక్కడికి పోవలసిన యాంప్లిఫయర్ ఇంకా బల్ల మీదే ఉంది. పెద్ద గాజు వాల్వుకు వేసే రెసిస్టెన్సు దొరకలేదు. ఆ చోట వేడి ఎక్కువ, తీగ చుట్టిన లావుది కావాలి. మా దగ్గర అదే విలువ ఉన్న సన్నది ఒకటే మిగిలింది.

“గదే పెట్టు,” అన్నాడు పహిల్వాను.

“పెడితే కాలిపోతది భాయ్. దాంతోని వాల్వు గూడ పోతది,” అన్నాడు అన్న. “ఇంకో వాల్వు యాడా దొరకదు.”

“మైకు లేకుండ మూగ కుస్తీ పట్టమంటవా నన్ను?”

అంటూనే అన్న చెంప పగలగొట్టాడు. మెడ పట్టి ముఖాన్ని బల్లకేసి బాదాడు. ముక్కులోంచి నెత్తురు రెసిస్టెన్సుల డబ్బాలోకి కారింది.

పక్కనే కుంపట్లో తీగలు అతకడానికి టాకా వేసే కడ్డీ కాలుతోంది. అన్న దాన్ని అందుకొని పహిల్వాను బుగ్గకు అదిమాడు. అతను పెట్టిన కేకకు ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు.

మనుషులిద్దరూ అన్న మీద పడ్డారు. ఒకడు కుడిచేతిని బల్లకు ఒత్తిపట్టాడు. రెండోవాడు ట్రాన్స్‌ఫార్మరు ఎత్తి ఆ చేతి మీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. స్టూలు తీసుకొని వాడి నెత్తి మీద కొట్టాను. వాడు కూలబడ్డాడు. పహిల్వాను యాంప్లిఫయర్‌ను తన్ని కింద పడేసి, వాల్వులన్నీ చెప్పులతో తొక్కి, పడ్డవాణ్ణి ఈడ్చుకుంటూ పోయాడు.

“ఠాణాకు పోదాం పా,” అన్నాను.

“ఏం చెప్తవ్ పోయి? బుగ్గ కాల్చింది నేను గాదా?” అన్నాడు అన్న.

కట్టు విప్పాక అన్న కుడిచేతి వేళ్ళు ముడుచుకోలేదు. ఆ గల్లీ వదిలి దుకాణం జహనుమాకు మార్చాం. రెసిస్టెన్సులు అన్న ఎడమచేత్తో ఏరిస్తే టాకా నేను వేసేవాణ్ణి. వదిన అన్నం కలిపి ముద్దలు చేసి పెడితే కంచం గోడకేసి కొట్టేవాడు. చాలా రోజులు అట్లాగే నడిచింది. ఒకనాడు కంచం విసరకుండా ఆ ముద్దలు తిన్నాడు. వదిన వంటింట్లోకి పోయి ఏడ్చింది.