అప్పలసూరి పొద్దుటాట

ఎనభై ఆరులో మా కాలనీకి టీవీ అంటే అప్పలసూరే. టీవీలో ఢిల్లీ వాళ్ల హిందీ అర్థంకాక మేం ఆవులిస్తూ కూర్చుంటే, ఈ భీమిలి మనిషి ద్వారకా నగర్‌లో పాత వీసీఆర్ కొని, మేడల మీదుగా వైర్లు లాగి, ఇంటింటికీ తెలుగు సినిమా పంపించాడు. పొద్దుటాట మాత్రం ప్రత్యేకం. అది నైట్ డ్యూటీ చేసొచ్చిన వాళ్లకోసం. అప్పలసూరి భార్య గురువమ్మకు అన్న పైడయ్యదీ నైట్ డ్యూటీయే. అతనిలాంటి వాళ్లంతా స్నానం చేసి, చద్దన్నం తిని, సినిమా చూసి పడుకునేవారు. సాయంత్రం ఆట వాళ్లకెలాగూ దక్కదు మరి.

అది మా కాలనీ కట్టిన సర్కారు కంపెనీ కంట్లో పడింది. మా క్వార్టర్ల మీద ప్రైవేటు వైర్లేమిటంది. వైర్లనూ మెషీన్‌నూ అప్పలసూరినీ కలిపి తీసేసుకుంది. పర్మనెంటు ఉద్యోగమని కాలనీ అంతా కుళ్లుకుంది. అతనూ సంబరపడ్డాడు, గురువమ్మకు గుండె జబ్బు కదా, ఇక కంపెనీ ఆసుపత్రిలో మందులు ఉచితం.

నెల తిరక్కుండానే పొద్దుటాట ఆపేశారు. ఆఫీసు వేళల్లో సినిమాలేమిటట. ఆ ఆర్డరు వేసిన ఆఫీసరు జన్మలో నైట్ డ్యూటీ చేసి ఉంటే ఒట్టు. అప్పలసూరి వెళ్లి అడిగి చీవాట్లు తిన్నాడు. మానేద్దామంటే గురువమ్మ మొహం కళ్లముందు కదిలేది. తను పెట్టుకున్న వీసీఆర్ గదిలోనే, హెల్మెట్లు పెట్టుకోమని చెప్పే కంపెనీ క్యాసెట్లు వేస్తూ జీతగాడిలా కూర్చున్నాడు.

పైడయ్య ఊరుకునే రకం కాదు. తనే ఒక వీసీఆర్ తెచ్చి, నైట్ డ్యూటీ వాళ్ల ఇళ్లకు వైరు లాగాడు. పొద్దుటాట మళ్లీ మొదలైంది. ఆ వారం అప్పలసూరి మొహం వెలిగిపోయింది.

కంపెనీకి తెలిసింది. వైరు కోసెయ్యమని అప్పలసూరికే ఆర్డరిచ్చారు. కొయ్యకపోతే ఉద్యోగం ఊడుతుందన్నారు.

మర్నాడు పొద్దున్నే అప్పలసూరి నిచ్చెనా కటింగ్ ప్లేయరూ పట్టుకొచ్చి, పైడయ్య ఇంటి గోడ దగ్గర నిలబడిపోయాడు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది. వీడి చేతేనా కోయించాలి?

"నావల్ల కాదు బావ," అన్నాడు అప్పలసూరి.

"ఏటాలోసిత్తన్నావు బావ? నీ ఉజ్జోగం పోతే నా సెల్లికి మందులెవులిత్తారు? ఎక్కు. నిచ్చెన నానట్టుకుంటాను," అన్నాడు పైడయ్య.

అప్పలసూరి ఎక్కి కోసేశాడు. ఇళ్లన్నింటిలో సినిమా సగంలో ఆగిపోయింది. కోసింది ఎవరో, ఎందుకో అందరికీ తెలుసు. ఇదేమిటని అడగడానికి ఒక్కరూ బయటికి రాలేదు.