అత్త వేసిన రెండో దెబ్బ

ఆ రోజుల్లో నాకు తెలియని చట్టం లేదనుకునేవాణ్ణి. (తెలియనివి వంటా, ఈతా, మనుషులూ.) లా పాసై, అనంతపురంలో ఒక పెద్ద ప్లీడరు దగ్గర జూనియరుగా చేరి, బుక్కరాయసముద్రంలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. మామ పోయినాడు, ఇంట్లో మేమిద్దరమే. రోజూ సంగటి తింటూ అత్తకు చట్టం చెప్పేవాణ్ణి. "పరాయివాడు ఇంట్లో చొరబడితే, మనల్ని కాపాడుకునేదానికి కొట్టొచ్చు అత్తా. అయితే అవసరమైనంత వరకే. వాడు పడిపోయినాక ఇంకో దెబ్బ వేస్తే నేరం మనదే." అత్త అంతా విని, "ముద్ద చల్లారతాంది, తిను" అనేది.

వానల్లేని ఒక ఎండాకాలం, ఆదివారం మిట్టమధ్యాహ్నం, పెరటి గోడ మీంచి ఎవడో దబ్బున దూకినాడు. నేను గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. (చట్టం పుస్తకం కోసమని తర్వాత చెప్పినాను.) బయట రోకలి దెబ్బ వినబడింది, వెంటనే ఇంకొకటి. కాసేపాగి వచ్చి చూస్తే, మడకశిర దిక్కు గొర్రెల కాపరి ఒకడు భుజం పట్టుకుని బావి పక్కన కూర్చున్నాడు. "వాకిట్లో నిలబడి పిలిస్తిని తల్లీ, ఎవురూ పలకలేదు. గొర్రెపిల్ల దప్పికతో పడిపోయిండాది" అంటున్నాడు. గోడ అవతల మంద అరుస్తాంది.

ఇంతలో పక్కింటాయన కానిస్టేబులును పిలుచుకొచ్చినాడు. నేను గబగబా అత్త పక్కకు జరిగినాను. "ఒకటే దెబ్బ అని చెప్పు అత్తా, లేకుంటే కేసవుతుంది" అని చెవిలో ఊదినాను.

"ఎన్ని దెబ్బలు వేసినావమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

"రెండు. ఒకటి భయంతో. ఇంకొకటి వాడు కింద పడినాక, కోపంతో. ఆ రెండోది తప్పే నాయనా. మావాడు ముందే చెప్పిండాడు."

నా తొలి కక్షిదారు నా పాఠంతోనే నన్ను ముంచింది.

కానిస్టేబులు కాపరి వైపు తిరిగి, "ఏమప్పా, కంప్లైంటు ఇస్తావా?" అన్నాడు.

"రెండోది ఆమె ఒప్పుకునె. మొదటిదానికి తప్పు నాది, గోడ దూకినా గదా. ముందు పిల్లకు నీళ్లు తాపనీ సామీ."

అత్త వాడి భుజానికి ఉప్పు కాపడం పెట్టింది. మందకంతా నీళ్లు తోడే పని నాకు పడింది. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కినాయి.

తర్వాత ఎన్నో ఏండ్లు ఆత్మరక్షణ కేసులు వాదించినాను. కక్షిదారులంతా ఒక్క దెబ్బే వేసినామనేవాళ్లు, అవతలివాడి ఒంటి మీద నాలుగైదు గాయాలుండేవి. చాలా కేసులు గెలిచినాను కూడా. అత్తలాంటి కక్షిదారు మాత్రం మళ్లీ రాలేదు. వచ్చుంటే ఓడిపోయేవాణ్ణే. ఈ వయసులో, కోటు తీసి పెట్టెలో పెట్టేసినాక, అట్లాంటి కేసు ఒక్కటైనా ఓడిపోవాలని ఆశగా ఉంటుంది.