మాయా మెట్ల మీద భీమారావు అరికాళ్లు

భీమారావు ట్రక్కు హారన్ కొడితే మాంట్రియల్‌లో ఉన్నవాళ్లు కూడా పక్కకి తప్పుకునేవారట. చెప్పింది భీమారావే కాబట్టి సగం తీసేద్దాం. మిగిలిన సగమైనా తక్కువేం కాదు. టొరంటో పక్కన వాన్ అనే ఊళ్లోని గోడౌన్ల నుంచి సరుకెత్తుకుని ఇరవై రెండేళ్లు మంచులో తిరిగిన మనిషి. ఇంకొకరు నడిపే కారెక్కితే కుడికాలు నేలకేసి నొక్కుతూనే ఉంటాడు, బ్రేకు తన దగ్గరే ఉన్నట్టు. పక్క సీటంటే ఆయనకి ఆసుపత్రి మంచమే.

అలాంటివాడు రిటైరైన ఏడాదికే సొంత గరాజ్ తలుపుకి కారు ఎడమవైపు గీకేశాడు. నెల తిరక్కుండా మళ్లీ గీకాడు. కళ్ల డాక్టరు దగ్గరికి రమ్మంటే రానన్నాడు. కూతురు రిషిత తాళాలు తీసి తన బ్యాగులో వేసుకుంది.

"తలుపే వంకరగా ఉందమ్మా."

"రెండుసార్లూనా, నాన్నా?"

వారం రోజుల అలక తర్వాత ఒప్పందం కుదిరింది. మార్చి సెలవుల్లో భార్యాభర్తలూ కూతురూ ముగ్గురూ మెక్సికో వెళ్తున్నారు, మాయా గుళ్లూ అడవి జలపాతాలూ చూడ్డానికి. బండి ఆయనే నడుపుతాడు. ఒక్క గీత పడకుండా తిప్పుకొస్తే తాళాలు వెనక్కి. పడితే జన్మలో అడగకూడదు.

కాంకున్‌లో కారు తీసుకోగానే ఆయన భార్య పద్మిని నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. అద్దె కారుకి కూడానా అని రిషిత నవ్వితే, "అద్దెదైతే మాత్రం? ఎక్కేది మనమేగా" అంది.

రెండు రోజులు భీమారావుని పట్టలేకపోయారు. ఊరూరా చెప్పాపెట్టకుండా లేచే స్పీడ్ బ్రేకర్లని వాసన పట్టినట్టు పట్టేశాడు. "చూశావా, వీళ్లకి కూడా నేనే నేర్పాలి!" కానీ ఆయనొక్కడికే తెలిసిన సంగతి ఒకటుంది. రెండో రోజు ఎడమ పక్కనుంచి ఓ మోటార్ సైకిల్ దాటిపోయింది. అది ముందుకొచ్చేదాకా అక్కడుందనే ఆయనకి తెలీదు. ఆడవాళ్లిద్దరూ కునుకు తీస్తున్నారు. ఆ తర్వాత అరగంటసేపు ఎడమ అద్దంలోకి చూసుకుంటూనే నడిపాడు.

మర్నాడు పాలెంకేలో, పాత మాయా గుడి మెట్ల ముందు ఆగి బూట్లు విప్పాడు.

"నాన్నా, ఇక్కడెవరూ విప్పరు. మ్యూజియం లాంటిది."

"గుడా, కాదా?"

"గుడే, బట్..."

"మరి? దేవుడు ఊళ్లో లేడని బూట్లతో పోతామా?"

మిట్టమధ్యాహ్నం. ఎక్కడం గొప్పగానే ఎక్కాడు. దిగేటప్పుడు మాత్రం ఆ రాళ్లు కాలిన పెనాలయ్యాయి. ఒక కాలు ఆనీ ఆనకముందే రెండోది ఎత్తుతూ చిందులేసుకుంటూ దిగాడు. కింద చూసుకుంటే అరికాళ్ల నిండా బొబ్బలు. పద్మిని నీళ్ల సీసా కుమ్మరిస్తూ తిట్టి, నవ్వి, మళ్లీ తిట్టింది.

బ్రేకు నొక్కే పరిస్థితి లేదు. తాళాలు రిషిత చేతికొచ్చాయి. జలపాతం దాకా కొండ రోడ్డంతా పక్క సీట్లోనే. అలవాటుగా కుడికాలు నేలకి నొక్కాడు, బొబ్బ చురుక్కుమంది. ఇక వదిలేశాడు. వదిలేశాక, ఇన్నేళ్లకి మొదటిసారి, రోడ్డు పక్కన ఏముంటుందో చూశాడు. అరటి చెట్లు, కంచెల మీద ఆరేసిన లంగాలు, గుమ్మంలో తల దువ్వించుకుంటున్న ముసలావిడ.

"ముందు స్పీడ్ బ్రేకర్, స్లో!" అన్నాడొకసారి. రిషిత అప్పటికే స్లో చేసింది. పిల్ల బాగానే నడుపుతోంది. నేర్పిందెవరు మరి!

జలపాతం దగ్గర కాళ్లు నీళ్లలో పెట్టుకుని, "గీత పడలేదు కదమ్మా" అన్నాడు.

"పడలేదు నాన్నా. మాటంటే మాటే. ఇంటికెళ్లాక తాళాలు నీవే."

ఆయన ఒక కాలు పైకి తీసి బొబ్బలు చూసుకున్నాడు. "ముందు కాళ్లు తగ్గనీ" అన్నాడు.

నాలుగు రోజుల్లో బొబ్బలు మానాయి. టొరంటో ఎయిర్‌పోర్టులో అందరికంటే ముందు చకచకా నడిచింది ఆయనే. పార్కింగ్‌లో సొంత కారు కనపడగానే కుంటడం మొదలెట్టాడు. రిషిత తాళాలు అందించబోయింది. ఆయన కుంటుకుంటూ వెళ్లి పక్క సీటు తలుపు తీసుకున్నాడు. రిషిత స్టీరింగ్ ముందు కూర్చుంది. మే నెలలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని తనే అడిగాడు.

జూన్‌లో మార్కమ్‌లో ఒక పుట్టినరోజు విందు. పాత ట్రక్కు స్నేహితుడు కాశీవిశ్వనాథం దొరికిందే సందని, "ఏం బావా, స్టీరింగ్ వదిలేశావట?" అని గుచ్చాడు.

భీమారావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మాయా రాజుల గుడి బావా. మెట్టు మీద కాలు పెట్టానో లేదో, పొగ! ఆ కాళ్లు ఇప్పటికీ పెడల్ మీద ఆనవు." మెట్లు మూడొందలయ్యాయి. ఆఖరి మెట్టు మీద పులొకటి కూర్చుంది.

"పులా?" కాశీవిశ్వనాథం రిషిత వైపు తిరిగాడు. "నిజమేనామ్మా?"

భీమారావు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

రిషిత చేతిలో ప్లేటు కింద పెట్టింది.

"రెండు, అంకుల్."