తాళం వేసిన పెట్రోలు మూత

1979 ఎండాకాలం. హనుమకొండ నుంచి వరంగల్ వచ్చే రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద నా షెడ్డు. ఆ రేకుల వేడికి స్పానరు పట్టుకుంటే దాని నంబరు చేతిమీద అచ్చుపడేది. నా అరచేయి చూస్తే ఇప్పటికీ పన్నెండు-పదమూడు అని చదువుకోవచ్చు. అటువంటి ఎండల్లో, వారం తప్పకుండా, మట్టెవాడ చంద్రయ్య సేటు గారి అంబాసిడర్ నా ప్రాణం తీయడానికి వచ్చేది.

సేటుది జంపఖానాల వ్యాపారం. కొత్తవాడలో నేసినవి కొని, కారు నిండా కూరి, ములుగు, ఏటూరునాగారం దాకా ఉన్న దుకాణాలకు పంపేవాడు. ఆ కారు అరవై రెండు మాడల్ అని కాగితాల్లో ఉండేది. నా లెక్కలో మాత్రం, కోట కట్టేటప్పుడు రాళ్లు మోసిన బండి అదే. తలుపు వేస్తే అవతలి తలుపు తెరుచుకునేది. హారన్ తప్ప మిగతావన్నీ మోగేవి. పెట్రోలు ఎంతుందో చూపే మీటరు ఎప్పుడో చచ్చిపోయింది. డ్రైవరు సమ్మయ్య మూడేళ్లుగా దాన్ని బుజ్జగించి నడిపేవాడు. మాట తక్కువ మనిషి. కారుతోనే మాట్లాడి మాట్లాడి మనుషుల వంతుకు ఏమీ మిగిలేది కాదేమో.

కారు జబ్బు ఒకటే. ఊళ్లో ఎంత తిప్పినా బంగారంలా నడిచేది. ఊరు దాటి నలభై, యాభై కిలోమీటర్లు పోయాక దగ్గి, ఊగి, ఆగేది. తాళం తిప్పితే సెల్ఫు తిరిగేది. సెల్ఫు అంటే ఇంజన్‌ను మొదట నాలుగు చుట్లు తిప్పే చిన్న మోటారు. అది తిప్పాక ఇంజన్ అందుకోవాలి. ఇది అందుకోదు. బ్యాండుమేళం తెల్లవార్లూ వాయిస్తూనే ఉన్నా పెళ్లికొడుకు గుర్రం దిగనట్టు. నాలుగైదు గంటలు చెట్టు కింద నిలబెడితే, తనంతట తనే స్టార్టయి ఇంటికి వచ్చేది. నా షెడ్డుకొచ్చాక దానంత ఆరోగ్యవంతమైన కారు జిల్లాలో ఉండేది కాదు.

సెల్ఫు తిరిగి ఇంజన్ అందుకోలేదంటే మేం చూసేవి మూడే. నిప్పు, పెట్రోలు, గాలి. నిప్పు కోసం ప్లగ్గులు మార్చాను, పాయింట్లు మార్చాను, కండెన్సర్ మార్చాను, కాయిల్ మార్చాను. పెట్రోలు కోసం పంపు విప్పి కొత్త రబ్బరు వేశాను. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు తాగించేది కార్బురేటరు. దాన్ని ఎన్నిసార్లు కడిగానంటే, మా ఇంట్లో గిన్నెలు అంత తెల్లగా ఉండేవి కావని మా ఆవిడ పోట్లాడింది. చివరికి ఆ కారులో మార్చనిది సేటు ఒక్కడే.

ఆయన నన్ను మార్చకపోవడానికి కారణం ఉంది. ఆయన అనుమానం నా మీద లేదు.

ఆ రోజుల్లో పెట్రోలు ధర పెరిగింది. డ్రైవర్లు టాంకులో రబ్బరు పైపు పెట్టి పెట్రోలు గుంజి అమ్ముకుంటారని ఎవరో మహానుభావుడు సేటు చెవిలో వేశాడు. వెంటనే సేటు హైదరాబాద్ నుంచి తాళం ఉన్న మూత తెప్పించి టాంకుకు బిగించాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. కొడుకులకు కూడా ఇచ్చేవాడు కాదు. ఇంకా ఎక్కువ భద్రంగా ఉండాలంటే మింగడం ఒక్కటే మిగిలింది.

రెండుసార్లు కారు దారిలో ఆగి, సమ్మయ్య బస్సు కండక్టరుతో కబురు పంపాడు. నేను, సేటు బస్సెక్కి పోయాం. పోగానే సేటు పంచె సర్దుకుని, తాళంచెవి తీసి, మూత తెరిచి, టాంకులో పుల్ల ముంచి చూశాడు. పెట్రోలు ఉంది. మూత పెట్టి, "ఊ, కొట్టు" అన్నాడు. సమ్మయ్య తాళం తిప్పాడు. నేను బానెట్ ఎత్తకముందే ఇంజన్ అందుకుంది. రెండోసారీ అంతే.

"చూసినవా మేస్త్రీ," అన్నాడు సేటు నా చెవిలో, మూడు ఫర్లాంగుల దూరం వినబడేట్టు. "మనం రాంగనే స్టార్టయింది. బండికి రోగం లేదు. రోగమంత ఈనిదే. నా కారును కిరాయికి తిప్పుకుంటాండు, ఆగిందని నాటకమాడుతాండు."

సమ్మయ్య స్టీరింగ్ మీదనుంచి చేతులు తీశాడు. "కిరాయికి తిప్పితే జంపఖానాల మీద కూసుంటరా సేటు, జనం? కారు నిండ మీ సరుకేనాయె."

"మాటకు మాట జెప్పకు."

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ సమ్మయ్య మీదే అనుమానం వచ్చింది. రాక ఏం చేస్తుంది? అతను దొంగ కాకపోతే నేను పనిరాని మేస్త్రీని అయినట్టే. రెంటిలో ఏది సుఖమో చెప్పాల్సిన పనిలేదు.

తర్వాతి వారం సమ్మయ్య షెడ్డుకు వచ్చి తలుపు చెక్క పక్కన నిలబడ్డాడు.

"అన్నా, శుక్రారం సేటు గూడ నాతోని వస్తాండట. కారు ఆగిందంటే రేపటి సంది రాకు అన్నడు."

"ఇంకో సేటు దొరుకుతడు తీయ్."

"దొంగ అని ఎల్లగొడితె దొరకడన్నా. ఈ బజార్ల నా చేతికి స్టీరింగ్ ఎవడిస్తడు? నువ్వు గూడ రా అన్నా. నువ్వు చూస్తాంటె ఆగాలె అది. అప్పుడన్న నమ్ముతరు."

కారు ఆగకూడదని మొక్కుకునే డ్రైవర్లను చూశాను కానీ, నా కళ్ల ముందు ఆగాలని మొక్కుకున్నవాణ్ణి అతన్నే చూశాను. కాదనలేకపోయాను.

శుక్రవారం పొద్దున మట్టెవాడలో సేటు ఇంటి ముందు కారు సిద్ధంగా ఉంది. సేటు తల్లి, ఎనభై దాటిన మనిషి, పళ్లెంతో బయటికి వచ్చి కారుకు పసుపు కుంకుమ పెట్టింది. ప్రతి శుక్రవారం పెడుతుందట. ఆవిడ పూజ అయ్యేదాకా, అంటే బానెట్ నుంచి వెనక బంపరు దాకా ఆవిడ యాత్ర ముగిసేదాకా, ఇల్లంతా చేతులు కట్టుకుని నిలబడింది. ఆ ఇంట్లో ఆవిడ దగ్గితే లెక్కల పుస్తకం మూసేవారు.

బయలుదేరాం. ములుగు దాటేదాకా కారు పెళ్లికూతురిలా నడిచింది. సమ్మయ్య ముఖం వాడిపోతూ వచ్చింది. పస్రా దాటి అడవిలోకి రాగానే కారు దగ్గింది. ఊగింది. ఆగింది. సమ్మయ్య నావైపు చూసి, పరీక్ష పాసైనవాడిలా నవ్వాడు.

సేటు చేయి నడుముకు పోయి, అక్కడే ఆగిపోయింది. ఆ ఉదయం తలంటుకొని కొత్త మొలతాడు కట్టుకున్నాడు. తాళంచెవి పాత మొలతాడుతో సహా స్నానాల గదిలో ఉండిపోయింది.

"పెట్రోలున్నదో లేదో ఎట్ల తెలుస్తది ఇప్పుడు?" అన్నాడు, ఆస్తి పోయినట్టు.

"బండి ఊపుండ్రి సేటు, తెలుస్తది." ముగ్గురం పట్టి ఊపాం. టాంకులో పెట్రోలు చెరువులా అల్లాడింది.

ప్లగ్గు వైరు తీసి బాడీకి దగ్గర పెట్టాను. నిప్పు నీలంగా, నా కనుబొమ్మ కాలేంత గట్టిగా వచ్చింది. కార్బురేటరు మూత తీశాను. ఎండిపోయి ఉంది. పంపు దగ్గర పైపు విప్పాను. పెట్రోలు కారాలి. చుక్క రాలేదు. ఏదైనా అడ్డం పడిందేమోనని పైపు మూతికి బొటనవేలు పెట్టాను.

పైపు నా వేలిని లోపలికి గుంజింది.

పన్నెండేళ్ల అనుభవంలో పెట్రోలు ఇచ్చే పైపులు చూశాను, ఇవ్వని పైపులు చూశాను. మనిషిని తినడానికి వచ్చిన పైపును అప్పుడే చూశాను. ఇంకొంచెంసేపు ఉంచితే భుజం దాకా మింగేది. వేలు తీయగానే, వెనక టాంకులో హుక్కా పీల్చినట్టు గుడగుడమని చప్పుడు. పైపు మళ్లీ బిగించి, పంపు చేత్తో నాలుగుసార్లు కొట్టి, "సమ్మన్నా, తిప్పు" అన్నాను. ఇంజన్ అందుకుంది.

నేను ముందుకు పోకుండా వెనక్కి పోయాను. ఆ తాళపు మూత ముందు గొంతుక్కూర్చుని, ఈ మూడు నెలల్లో మొదటిసారి, దాన్ని తెరవకుండా చూశాను. మూత మీద, తాళంచెవి పెట్టే చోటు పక్కన, రూపాయి బిళ్లంత బొట్టు. దాని కింద ఇంకో బొట్టు. పసుపు, కుంకుమ, మళ్లీ పసుపు, మళ్లీ కుంకుమ, నూనెతో కలిసి ఎండకు కాలి ఇటుకలా గట్టిపడి ఉన్నాయి. చెట్టు మొద్దు మీద వయసు చూసినట్టు శుక్రవారాలు లెక్కపెట్టొచ్చు.

పెట్రోలు మూతకు సూది మొన పట్టేంత తొర్ర ఒకటి ఉంటుంది. దాన్ని వెంట్ అంటాం. టాంకులోంచి పెట్రోలు పోయినకొద్దీ ఆ తొర్రలోంచి గాలి లోపలికి వచ్చి ఆ జాగా నింపాలి. గాలి రాకపోతే పంపు ఎంత గుంజినా పెట్రోలు కదలదు. కారును చాలాసేపు నిలబెడితే మెల్లగా ఎక్కడినుంచో గాలి దూరి మళ్లీ నడుస్తుంది. మూత తెరిస్తే వెంటనే నడుస్తుంది. మేం పోయిన రెండుసార్లూ సేటు చేసిన మొదటి పని మూత తెరవడం. జబ్బును ఆయన తాళంచెవితో కుదిర్చి, నేరాన్ని సమ్మయ్య మీద వేసి, చార్జీ నాకు ఇచ్చాడు.

తుమ్మముల్లు తెచ్చి, బొట్ల కింద పూడిపోయిన తొర్ర పొడిచాను. సేటుకు చెబితే నమ్మలేదు.

"నూనె డబ్బకు రెండు తొర్రలు ఎందుకు పొడుస్తరు సేటు మీ ఇంట్ల?"

"ఒక్కటే పొడిస్తె నూనె కారది గదా."

"మీ కారు ఒక్క తొర్ర డబ్బ."

ఏటూరునాగారం దాకా ఆగకుండా పోయాం. తిరుగుదారిలో, ఆయన సంశయం తీరడానికి, తొర్ర మీద తడిమట్టి మెత్తి నడిపించాను. ములుగు దాటి కొద్దిదూరం వచ్చాక ఆగింది. ముల్లుతో పొడిచాను. 'స్స్' మని గాలి లోపలికి పోయింది. స్టార్టయింది. నేను క్షమాపణ కోసం చెవులు రిక్కించాను. వచ్చిన మాట ఇది.

"మేస్త్రీ, అమ్మకు ఎవరు జెప్పాలె?"

"మీరే."

"నాతోని గాదు. ఆమె బొట్టుతోని కారు ఆగిందంటె ఇల్లు ఆగుతది. జర ఇను. పాత మూత పెట్టిస్త. డ్రైవర్ను మార్చిన, నయమైంది అంటె సరిపాయె. సమ్మయ్యకు ఇంకో నెల జీతం ఎక్కువ ఇచ్చి పంపిస్త."

సమ్మయ్య వింటూనే ఉన్నాడు. కారు నడుపుతున్నవాడు ఇంకెక్కడికి పోతాడు? గేరు మార్చాడు, అంతే. నాకు మాత్రం తల మీద రేకులు లేకపోయినా కాలింది. మూడు నెలలు ఈ కారు నన్ను తిన్నది. తీరా జబ్బు దొరికాక, రోగిని వదిలేసి పక్కింటివాడికి ఆపరేషన్ చేద్దామంటాడు ఈయన.

ఇంటికి చేరగానే నేనే లోపలికి పోయాను. గడపలో నా చెప్పులు విడవడానికి పట్టిన సమయంలో ఒక ఇంజన్ దించొచ్చు. ముసలమ్మ మంచం మీద కూర్చుని వక్క కత్తిరిస్తోంది. నూనె డబ్బా సంగతి మొదలుకొని మొత్తం చెప్పాను. ఆవిడ అడ్డుచెప్పకుండా విన్నది.

"మూత కొత్తగ వచ్చింది గదా బిడ్డా అని పెట్టిన. లక్ష్మి అంత అండ్లకెల్లే పోతాంది అని పెట్టిన. తొర్ర నాకేమెర్క." తర్వాత అడిగింది. "పాత మూత మంచిగనే ఉండె గదా. తాళపు మూత ఎందుకు తెచ్చిండ్రు?"

నా వెనకే వచ్చిన సేటు ఇంటి దూలాలు లెక్కపెడుతున్నాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడ అడకత్తెర కింద పెట్టింది.

"దొంగ అన్నవారా ఆ పిలగాన్ని?"

"అనుమానమొచ్చింది అమ్మా."

"నా బొట్టు తుడిస్తె పోతది. నువ్వు పెట్టిన బొట్టు ఏం బెట్టి తుడుస్తవు?"

ఆ సాయంత్రం నాలుగు దుకాణాల వాళ్లు చూస్తుండగా, సేటు వీధిలో నిలబడి సమ్మయ్యతో "తప్పయింది నాది" అన్నాడు. తల్లి గుమ్మంలో నిలబడి, సరిగ్గా వినబడలేదని, ఇంకోసారి చెప్పించింది.

సమ్మయ్య దసరా దాకా పనిచేసి మానేశాడు. ఎవరూ పొమ్మనలేదు. అప్పటికి అతని పేరు శుభ్రంగా ఉంది కనుక, హనుమకొండలో ఒక డాక్టరు గారి కారు దొరికింది. ఎందుకు మానేశావని అడిగాను.

"సేటు మంచిగనే చూసిండన్నా. కాని పెట్రోలు పోయించినప్పుడల్లా టాంకుల ముంచిన పుల్ల దిక్కు ఆయన చూసేటోడు, ఆయన దిక్కు నేను చూసేటోన్ని. ఎన్నొద్దులు చూసుకుంటం?"

పదేళ్లు కావస్తోంది. ఆ కేసు నాకు నేర్పింది చిన్న పనే. స్టార్టుకాని బండి వస్తే, ఏదీ తెరవకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, ముందు ఒకసారి చుట్టూ తిరుగుతాను. తెరిచి చూసినప్పుడు కొన్ని జబ్బులు పారిపోతాయి. ఆ తర్వాత యజమానిని టీకి పంపించి, డ్రైవరును ఏమైందని అడిగి, అతను ముగించేదాకా నోరు మూసుకుంటాను. నాబోటి వాడికి ఇంజన్ దించడం కంటే అదే కష్టం. నేను బండికి ప్రదక్షిణం చేస్తున్నానని కొందరు దణ్ణం పెడతారు. పెట్టనీండి.