ఎడమపక్క దొరకని వస్తువులు

2011లో నేను నరసరావుపేటలో, పల్నాడు రోడ్డు మీద ఒక చిన్న కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుని. అంటే చూపు కొలిచి, కళ్ళజోడు నంబరు రాసే మనిషిని. మందులు, ఆపరేషన్లు డాక్టర్ గారివి. అద్దాలు మార్చి మార్చి "ఇప్పుడెలా ఉంది? ఇదా, ఇందాకటిదా?" అని అడగడం నా పని. రోజంతా అదే ప్రశ్న అడుగుతుంటే ఎవరికైనా మాట గరుకెక్కుతుంది. నాది పుట్టుకతోనే గరుకు. పేషెంట్లు నన్ను చూసి భయపడి డాక్టర్ గారి దగ్గర ధైర్యం తెచ్చుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట కరెంటు కోత. ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాను, రిసెప్షన్‌లో కంప్యూటరు మాత్రం నడిచేవి. అన్నం డబ్బాలు కడిగి మూత పెట్టగానే నేనూ, రిసెప్షన్‌లో కూర్చునే రమాదేవీ ఆ కంప్యూటరు ముందు చేరేవాళ్ళం. కంప్యూటర్ షాపతను సీడీలో వేసిచ్చిన ఆటలు రెండుండేవి. ఒకటి రంగురాళ్ళది. పక్కపక్క రాళ్ళు అటూ ఇటూ మార్చి ఒకే రంగువి మూడు వరసలో పెడితే అవి టప్పున పేలిపోతాయి, పైనుంచి కొత్తవి రాలతాయి. రెండోది హిడెన్ ఆబ్జెక్ట్ ఆట. ఒక పాతబంగళా, గదినిండా సామాను. కింద పన్నెండు పేర్లు రాసి ఉంటాయి. గొడుగు, తాళంచెవి, గంట, ఇలాంటివి. ఆ గందరగోళంలో వాటిని వెతికి నొక్కాలి. దొరక్కపోతే హింట్ అనే బొమ్మ నొక్కితే, వస్తువు ఉన్నచోట మెరుపు మెరుస్తుంది.

ఎంత సుఖంగా ఉండేదో ఆ గంటన్నర! "అదుగో గొడుగు, బీరువా పక్కన! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే?" అని నేను అరవడం, "కళ్ళ డాక్టరమ్మవి నువ్వు, నీకు కనపడాలి గానీ నాకెందుకు?" అని రమాదేవి ఎదురు తిరగడం. ఇప్పుడు ఫోన్లో ఇలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక్కదాన్నే కూర్చుని ఆడతాను, మధ్యలో ప్రకటనలొస్తాయి, కట్టేస్తాను. అప్పటి ఆ పాతబంగళా మీద నాకు ఇంకా బెంగే.

సెప్టెంబరులో ఒకరోజు, సరిగ్గా అన్నం వేళకి ముందు, సుభానీ వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఊళ్ళో ఒక ప్రైవేటు బళ్ళో బస్సు డ్రైవరు. రొంపిచర్ల వైపు ఊళ్ళ నుంచి పొద్దున్నే పిల్లల్ని తెచ్చి, సాయంత్రం దించి వచ్చేవాడు. ఆ జూన్లో బడి తెరిచేముందు అక్కడ డ్రైవర్లకి కంటిపరీక్షల క్యాంపు జరిగితే నేనే వెళ్ళాను. ఎనిమిదిమందికీ చూసి, ఎనిమిది కాగితాల మీద ఫిట్ అని రాసి సంతకం పెట్టాను. అందుకే మొహం గుర్తుంది.

"మేడమ్మా, నంబరు మారిందేమో కాస్త చూడండి. వస్తువులు దొరకటంలా."

"ఏం వస్తువులు బాబాయ్? ఇంట్లో ఏమన్నా పోయినాయా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "ఇంట్లో కాదమ్మా. కంప్యూటర్లో."

నవ్వాపుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. గోడమీద విజన్ ఛార్ట్, అంటే పైన పెద్ద అక్షరాలు, కిందికొచ్చేకొద్దీ చిన్నవి ఉండే అట్ట. ఒక కన్ను మూసి చదవమంటే ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. రెండో కన్నూ అంతే. నంబరు వెంట్రుకవాసి కూడా మారలేదు.

"నీ కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఈ వయసులో ఆటలేంది బాబాయ్? అవి మానెయ్యి, అన్నీ దొరుకుతాయి" అని చీటీ చేతిలో పెట్టాను. అవతల నా ఆటకి టైమైపోతోంది, చూడండి మరి నా నీతి!

ఆయన లేచి బయటికి వచ్చి రిసెప్షన్ దగ్గర ఆగిపోయాడు. రమాదేవి అప్పటికే ఆట తెరిచి పెట్టింది.

"ఇదే మేడమ్మా! ఈ బంగళానే!" అన్నాడు, చుట్టాల ఇల్లు కనపడినంత సంబరంగా. "మా పిల్ల కంప్యూటర్ కోర్సు చేసేటప్పుడు సెకండ్ హ్యాండులో కొన్నాం. అది పెళ్ళయి వినుకొండ పోయింది, కంప్యూటరు మాకు మిగిలింది. నేనూ మా మీరాబీ ఆడతాం. అది పది దాకా చదివింది, ఇంగ్లీషు పేర్లు అది చదువుద్ది. మౌసు నా కుడిచేతిలో ఉంటది గదా, అందుకని అది ఎడమపక్క కుర్చీ ఏసుకుంటది. చీపురుపుల్లతో చూపిచ్చుద్ది, నేను నొక్కుతా. ఇప్పుడు పిల్లకి రెండో కాన్పని నెలరోజుల కింద వినుకొండ పోయింది. నేనొచ్చేలోపు హింట్ నొక్కకుండా ఆఖరిగది దాటెయ్యి, చూద్దాం నీ తెలివి అని పందెం ఏసింది. పేర్లన్నీ నాకిప్పుడు బాగానే తెలుసు. అయినా ఒక్కగది దాటలేకపోతన్నా."

రమాదేవికి జాలేసింది. లేచి తన కుర్చీ ఇచ్చింది. "ఆడు బాబాయ్, చూస్తాం."

మేమిద్దరం వెనక నిలబడ్డాం. ఆయన తక్కువవాడేం కాదు. గొడుగు, గంట, కుక్కపిల్ల, సుత్తి, గడియారం, అద్దం టకటకా నొక్కేశాడు. నాకంటే వేగం. తర్వాత ఆగిపోయాడు. కింద ఇంకా ఆరు పేర్లున్నాయి. అందులో ఒకటి ఎర్ర కూజా. అరచేయంత ఉంది, తెరకి ఎడమవైపు, బల్ల అంచున.

"కూజా బాబాయ్! అంత పెద్ద కూజా!" అని రమాదేవి కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

"లేదమ్మా, ఈ గదిలో కూజా లేదు" అన్నాడు సుభానీ. పంతానికి కాదు, నిజంగానే లేదన్నట్టు.

హింట్ నొక్కమన్నాను. కూజా మీద మెరిసింది. నేను వేలు పెట్టి చూపిస్తే తల అటు తిప్పి, "అరె! ఇప్పుడొచ్చింది" అన్నాడు. మళ్ళీ నొక్కించాను. ఎడమవైపు తాళంచెవి. మళ్ళీ. ఎడమవైపు పిల్లి. నా నవ్వు ఆగిపోయింది. ఆయన నొక్కిన ఆరూ కుడివైపువి. మిగిలిన ఆరూ ఎడమవైపువి.

రంగురాళ్ళ ఆట తెరవమన్నాను రమాదేవిని. దానికి అర్థం కాలేదు గానీ తెరిచింది. సుభానీ కుడివైపు రాళ్ళనే జరుపుతూ పోయాడు. ఎడమ చివర మూడు నీలంరాళ్ళు ఒక్క జరుపుతో కలిసేలా ఉన్నాయి. ఎంతసేపు చూసినా ఆయన చెయ్యి అటు పోలేదు.

లోపలికి తీసుకెళ్ళి కన్‌ఫ్రంటేషన్ టెస్ట్ చేశాను. పేరు పెద్దది గానీ యంత్రమేమీ అక్కర్లేదు. ఎదురెదురుగా కూర్చుని, నా ముక్కువైపే చూడమని, పక్కల్లో నా వేళ్ళు ఆడిస్తూ ఎన్నో చెప్పమంటాం. కుడిపక్క వేళ్ళన్నీ చెప్పాడు. ఎడమపక్క నా చెయ్యి మొత్తం ఊపినా ఆయన మొహంలో కదలిక లేదు. ఏ కన్ను మూసినా అంతే. దీన్ని హెమియానోపియా అంటారు. కళ్ళు రెండూ బాగానే ఉంటాయి. మెదడులో చూపుని అందుకునే చోట దెబ్బ తగిలితే, రెండు కళ్ళకీ ఒకేవైపు సగం లోకం పోతుంది. నల్లగా కూడా కనపడదు, అసలు లేనట్టే ఉంటుంది. అందుకే మనిషికి తెలియదు.

"మరి ఛార్టు మొత్తం ఎట్టా చదివావు బాబాయ్?"

నేను బీరువాలోంచి వేరే ఛార్టు తీసి తగిలించాను. ఈసారి ప్రతి వరసలో మొదటి రెండు అక్షరాలు వదిలేసి చదివాడు.

తల గోక్కున్నాడు. "ఆ పాతది నోటికొచ్చేసిందమ్మా. జూన్లో క్యాంపప్పుడు వరండాలో లైను కట్టి నిలబడతాం గదా. ముందున్నోళ్ళు చదువుతుంటే విని విని వచ్చేస్తది. మా డ్రైవర్లందరం అట్నే. కళ్ళ పరీక్ష అంటే మాకు పొట్టకూటి పరీక్ష గదమ్మా. ఇప్పుడు కూడా నోరు దానంతట అదే చదివేసింది."

ఆ ఛార్టు క్యాంపుకి మోసుకెళ్ళింది నేను. వాళ్ళని వరండాలో వినపడేంత దగ్గరగా నిలబెట్టింది నేను. ఎండ మండిపోతోంది, త్వరగా తెమల్చాలని తొందరపడింది నేను. ఫిట్ అని రాసింది నేను. అడిగితే బయటపడింది: మేలో ఒకరోజు తల పగిలిపోయేంత నొప్పి వచ్చిందట, వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాడట. మొన్నామధ్య బస్సు ఎడమ అద్దం కరెంటు స్తంభానికి తగిలి ఊడిందట. "మా క్లీనరు తలుపు దగ్గర నిలబడి ఎడమ, ఎడమ అని అరుస్తా ఉంటాడు గాబట్టి నడిచిపోతంది" అన్నాడు.

బస్సుకి తలుపు ఎడమవైపే ఉంటుంది. పిల్లలు ఎక్కేదీ దిగేదీ అటే.

గడియారం చూసి సుభానీ లేచాడు. "వస్తా మేడమ్మా. నాలుగింటికి బండి తియ్యాలి."

"తియ్యకూడదు బాబాయ్. ఇవాళే కాదు, ఇంక తియ్యకూడదు."

ఆయన మొహం మారిపోయింది. "అదేంది మేడమ్మా? మీరే గదా ఫిట్ అని రాసింది?"

"రాశాను. తప్పు రాశాను. ఇప్పుడే మీ బడికి ఫోన్ చేసి చెబుతాను."

"పదమూడేళ్ళ సర్వీసు! ఇది తప్ప నాకేం పని వస్తది? రెండేళ్ళు ఓపిక పట్టండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా. జాగర్తగా తోలతా. తల తిప్పి చూసుకుంటా."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఆయన మీద కాదు. గొంతు పెంచకుండా ఒకటే అడిగాను. "నీ బస్సులో అందరికంటే చిన్నపిల్ల ఎవరు బాబాయ్?"

"ఒకతుంది. యూకేజీ. బస్సు దిగినాక నేరుగా ఇంటికి పోదు. ముందు చక్రం పక్కన నిలబడి నాకు టాటా చెప్పి పోద్ది. మా తాత అంటది నన్ను."

"ఏ పక్క నిలబడుద్ది?"

ఆయన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. చాలాసేపటికి జేబులోంచి బస్సు తాళం తీసి నా బల్లమీద పెట్టాడు. పెట్టి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను డాక్టర్ గారికి జరిగిందంతా చెప్పి, ఆయన ఎదుటే బడికి ఫోన్ చేశాను. జూన్లో నేనిచ్చిన కాగితాలు ఎనిమిదీ చెల్లవని, అందరినీ మళ్ళీ చూస్తానని చెప్పాను. అవతలివాళ్ళు పెట్టిన చీవాట్లు నోరు మూసుకుని తిన్నాను. ఆ సాయంత్రం పిల్లల్ని వేరే డ్రైవరు దించాడు. గుంటూరులో స్కాన్ తీస్తే మెదడు వెనకభాగంలో పాత స్ట్రోక్ దెబ్బ కనపడింది. మేలో వచ్చింది వడదెబ్బ కాదు. బీపీ ఉన్న సంగతే ఆయనకి తెలియదు. మందులు పెట్టారు. పోయిన చూపు రాదన్నారు.

పది రోజులకి మీరాబీ వచ్చింది. సన్నటి మనిషి, బుర్ఖా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. తిడుతుందనే అనుకున్నాను.

"నేనే కదమ్మా దాచింది" అంది. "ఎండాకాలం నుంచి ఎడమపక్కవన్నీ నేనే చూపిస్తన్నా. ఏందయ్యా, ముసలోడివైపోతన్నావు, చూపు నా పక్కకి ఆనటంలా అని ఎగతాళి చేశా గానీ, ఇట్టా అనుకోలా. నేను నోరు మూసుకుని కూర్చునుంటే ఆయనకి ముందే తెలిసేది."

"పిన్నీ, చదువుకుని, జీతం తీసుకుని నేనే కనుక్కోలేకపోయాను. నువ్వు పక్కన కూర్చుని సాయం చేశావు, అంతే. నువ్వు ఊరెళ్ళబట్టి బయటపడింది" అన్నాను. నా కళ్ళూ ఆగలేదు.

ఇలాంటివాళ్ళకి తల ఎడమకి తిప్పి వెతకడం అలవాటు చేయాలి. దానికి ఆ ఆటే మంచి మందని చెప్పాను. ఇక నుంచి కుడిపక్క కూర్చో, ఒక్క వస్తువూ చూపించకు, ఎంతసేపైనా ఆయన్నే వెతుక్కోనీ అన్నాను. తలూపి వెళ్ళింది. వారం తర్వాత ఫోన్ చేసి, "చీపురుపుల్ల ఇరిచి పారేశానమ్మా, కానీ ఊరుకోలేక చస్తన్నా" అంది.

సుభానీ నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాడు. ఆ నాలుగు నెలలూ నాకు అన్నం సరిగ్గా దిగలేదు. తర్వాత బావమరిది పాత ఇనుము కొట్టులో కాటా దగ్గర కూర్చున్నాడు. రోడ్డు మీద ఎదురుపడితే మొదట్లో తల తిప్పుకునేవాడు. నేను తప్పు పట్టలేదు.

ఆ కేసు తర్వాత నా పని మారిపోయింది. క్యాంపుకి మూడు రకాల ఛార్టులు పట్టుకెళతాను. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు గేటు బయటే. ప్రతివాళ్ళకీ వేళ్ళ పరీక్ష చేసి తీరతాను. ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను: "మీ పక్కన ఎవరుంటారు? వాళ్ళు మీకేమేం చూసి పెడతారు?" జనం వింతగా చూస్తారు, అయినా చెబుతారు. సూదిలో దారం మనవరాలు ఎక్కిస్తుందని, రోడ్డు దాటేటప్పుడు మా ఆవిడ చెయ్యి పట్టుకుంటుందని. పక్కవాళ్ళు ప్రేమగా పూడ్చేసిన గుంట మనకి కనపడదు. అది అడిగి తెలుసుకోవాల్సిందే. నాకు నేర్పింది సుభానీ దంపతులు.

మూడేళ్ళు పోయాక ఆయనంతట ఆయనే కళ్ళజోడు మార్చుకోవడానికి వచ్చాడు. గుమ్మంలో ఆగి, ఎడమకి తల తిప్పి చూసుకుని మరీ లోపలికొచ్చాడు. పరీక్ష అయ్యాక, నేను చీటీ రాస్తుంటే అన్నాడు:

"పదమూడేళ్ళు బడి బస్సు తోలా మేడమ్మా. ఒక్క పిల్లకి గీత పడలా నా చేతిలో. కొట్టు దగ్గర ఎవరొచ్చినా ఆ మాట చెప్పుకుంటా. ఆ రోజు మీరు నాచేత బస్సు తాళం బల్లమీద పెట్టించకపోతే ఇప్పుడు చెప్పుకునేవోణ్ణి కాదేమో."

నేను తల వంచుకుని మిగతా చీటీ రాశాను.