పొయ్యి పక్క కంత

మా చిన్నప్పుడు... మా ఇంటికి, పక్కింటి లచ్చవ్వ చిన్నమ్మ ఇంటికి నడుమ ఒకటే మట్టిగోడ. మా పొయ్యి పక్కన ఆ గోడకు మూరెడు కంత ఉండేది. తాతల నాటిది. అందులకెంచి నిప్పు పోయేది, చల్ల వచ్చేది, కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగేవి...

బాపు మస్కట్‌ల ఉన్న ఆరేండ్లు అవ్వ, అంటే మా అమ్మ, ఆ కంత ముందే కూసుండి అన్నం తిన్నది. అవతల చిన్నమ్మ, ఇవతల అవ్వ. ముఖాలు సగమే కనపడేవి. మాట మాత్రం మొత్తం వినపడేది.

బాపు మస్కట్ నుంచి వచ్చిండు. సుల్తానాబాద్ పోయి ఇటుక, సిమెంటు మాట్లాడిండు. పాత పెంకలు దించిచ్చి, ఆ నడిమి మట్టిగోడను ఆనుకొని మా దిక్కు కొత్త ఇటుకగోడ మొదలుపెట్టిచ్చిండు. ఇల్లు అయ్యేదాక మేము బర్ల కొట్టంల ఉన్నం.

"కంత కాడ ఇటుక పెట్టకు" అన్నది అవ్వ సుతారితోని.

తాపీ పట్టుకున్న సుతారి బాపు దిక్కు చూసిండు. బాపు "పెట్టు" అన్నడు.

ఆ పూట నుంచి అవ్వకు, బాపుకు మాటలు బంద్. నేను రెండో తరగతి. నడుమ నేను...

"పొయ్యి గద్దె తూర్పుకు పెట్టియ్యుమని చెప్పు మీ బాపుకు."

బాపు నాలుగడుగుల దూరంల ఇటుకలు తడుపుతుండు. అయినా పోయి చెప్పేదాన్ని.

"ఇన్న అని చెప్పు మీ అవ్వకు."

"ఇంటె సాలదు, చెయ్యాలె అని చెప్పు."

సుతారి నవ్వేటోడు. "నీకు గూడ కూలి గట్టాలె బిడ్డా. మాకన్న నువ్వే ఎక్కువ తిరుగుతున్నవ్."

గోడ కంత దాక లేచిన రోజు, అవ్వ దాని ముందు కూలబడ్డది. "ఆరేండ్లు నాకు దిక్కు గా కంతనే... చెప్పు మీ బాపుకు."

బాపు ఇటుకలకెంచి తల ఎత్తలే. "మస్కట్‌ల ఒక్క అర్రల ఏడుగురం పండుకున్నం. ఇటు మర్రితె ఒకని మోకాలు, అటు మర్రితె ఒకని మోచెయ్యి. నాకు అవుతల ఎవ్వలు వినపడని గోడ ఒకటి గావాలె... చెప్పు మీ అవ్వకు."

నేను ఎటూ పోలే. ఇద్దరూ విన్నరు.

తెల్లారి బాపు సుతారికి ఏదో చెప్పిండు. కంత ఉన్న జాగల మా దిక్కు ఒక గూడు విడిచిపెట్టిచ్చిండు. వెనక మాత్రం ఇటుకతోని మూసిండ్రు.

"గూడు పెట్టిచ్చిన అని చెప్పు మీ అవ్వకు."

చెప్పిన. అవ్వ తల ఊపింది.

ఇల్లు అయింది. ఉప్పు, నీళ్లు, కరెంటు అనుకుంట మెల్లగ మాటలు మొదలైనయి. ఆ గూట్ల మాత్రం అవ్వ ఏనాడూ ఏమీ పెట్టలే... అగ్గిపెట్టె కూడా. బాపు ఒకసారి తన రేడియో పెట్టిండు. రెండు రోజులకు తనే తీసిండు.

లచ్చవ్వ చిన్నమ్మ వాకిట్లకెంచి వచ్చేది. కొంగు సరిచేసుకొని, కుర్చీ అంచుకు కూసుండి, చాయ్ తాగి పోయేది. చుట్టమోలె...

ఇప్పుడు మంచిర్యాలల నేను, మా ఆయన మా ఇల్లు బాగు చేయించుకుంటున్నం. వంటింటి గోడ తీసేద్దామని ఆయన. ఉండనియ్యుమని నేను. మాటలు బందయి పది రోజులాయె. టైల్స్ ఫొటోలు నా ఫోన్‌కు వస్తయి, పక్క అర్రలకెంచే. నేను బొటనవేలు ఎత్తిన బొమ్మ పెడత. పిల్ల హాస్టల్‌ల ఉంటది. "మీ బాపుకు చెప్పు" అందామన్నా ఇంట్ల ఎవరూ లేరు.

అప్పుడు నేను మోసినవాటిల సగం ఎత్తిపొడుపులే... అయినా మాటలే కదా.

మీ అవ్వబాపుల నడుమ మీరు కూడా గిట్ల తిరిగి ఉంటే, ఏం మోసిండ్రో రాయుండ్రి... చదువుకుంట కూసుంట.