డిస్టర్బెన్స్ అని తీసేసిన గొంతు

నాకు కోపం ఎక్కువ. తార్నాకలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నుంచి క్యాంపస్‌లో నా క్లాసుకు ఆలస్యంగా వచ్చే పిల్లల దాకా ఆ సంగతి అందరికీ తెలుసు. మా అమ్మాయికి ఇంకా బాగా తెలుసు. కానీ ఆ వీడియో షాపు వాడి మీద వచ్చినంత కోపం నాకు అంతకు ముందెప్పుడూ రాలేదు.

మా ఆయన పోయేనాటికి అమ్మాయి రెండో తరగతి. మాది అనంతపురం వైపు. ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చి ఏళ్ళు గడిచినా ఆయన యాస మాత్రం చెక్కు చెదరలేదు. పాప పుట్టాక ముచ్చటపడి చిన్న టేపుల క్యామ్‌కార్డర్ ఒకటి కొన్నాడు. దాన్ని ఇంకొకరి చేతికిస్తే ఒట్టు. అందుకే మా టేపుల్లో ఎక్కడా ఆయన కనపడడు. వెనక నుంచి గొంతు మాత్రం వినపడుతుంది.

ఇప్పుడు అమ్మాయి అదే క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ఒకరోజు అన్నం తింటూ తింటూ అడిగింది, "అమ్మా, నాన్న గొంతు ఎట్లా ఉండేది?" అని. ముఖమంటే ఫొటోల్లో చూపిస్తాను. గొంతు ఎట్లా చెప్పేది? "మామూలుగానే ఉండేది" అన్నాను. ఆ జవాబు నాకే చప్పగా అనిపించింది. లేచి వెళ్ళి, మిగిలిన ఒకే ఒక్క టేపు బీరువాలో చీరల కింద దాచింది తీశాను. సాయంత్రాలు పాపను స్కూలు నుంచి తెచ్చి, క్యాంపస్ రోడ్ల మీద ఆయన సైకిల్ నేర్పించేవాడు. అప్పటిదది. మా క్యామ్‌కార్డర్ ఎప్పుడో చచ్చిపోయింది.

మెట్రో స్టేషన్ పక్క సందులో పెళ్ళి వీడియోలు తీసే షాపు ఉంది. పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తామని బోర్డు. "ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి, ఏమీ మార్చొద్దు" అని షాపాయనకు విడమరిచి చెప్పాను.

"పరేషాన్ కాకుండ్రి మేడమ్, మస్తు క్లారిటీ తెస్తా" అన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి పెట్టాం. ముందు గులాబీ రేకులు రాలాయి. వాటి మధ్య నుంచి "స్వీట్ మెమరీస్" అని బంగారు అక్షరాలు తిరుగుతూ వచ్చాయి. తర్వాత మా పిల్ల, అడ్డంగా సాగదీసినట్టు బొద్దుగా, ముఖం మీద గళ్ళు గళ్ళుగా, సైకిల్ తొక్కుతోంది. చెట్లన్నీ చిలకపచ్చ రంగు. మొదటి నుంచి చివరి దాకా ఫ్లూటు. అమ్మాయి రిమోట్ పట్టుకుని సౌండ్ పెంచింది. ఫ్లూటే పెరిగింది. ఇంకా పెంచింది. ఆయన మాట ఒక్కటీ లేదు.

స్కూటీ తాళాలు కూడా తీసుకోకుండా నడిచే పోయాను.

"వెనకకెళ్ళి ఎవరో ఆయన ఒకటే మాట్లాడుతున్నడు మేడమ్. డిస్టర్బెన్స్ ఉన్నది. గందుకే తీసేసి మ్యూజిక్ వేసిన" అన్నాడు షాపాయన, మెచ్చుకుంటాననుకుని. "నడుమల కెమెరా బంద్ చేసుడు మర్చిపోయిండు. అంత రోడ్డు, బూటు. గది వేస్టని కట్ చేసిన."

ఎవరో ఆయన! నేను తిట్టిన తిట్లకు పక్క జిరాక్స్ షాపు వాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. "పెళ్ళి క్యాసెట్లకు అందరు గిట్లనే అడుగుతరు కద మేడమ్" అన్నాడాయన, తన తప్పేమీ లేనట్టు. అది నిజం కావడం ఇంకా మండించింది. మన పెళ్ళి వీడియోల్లో ఒక్క మనిషి మాటా వినపడదు. మేనత్తల ఎత్తిపొడుపులు, వంటవాళ్ళ మీద కేకలు, అప్పగింతల ఏడుపులు, అన్నిటి మీదా పాటలు పోసి పూడ్చేస్తాం. పోయినవాళ్ళ గొంతులు ఎన్ని అట్లా పూడ్చామో!

"నా టేపు ఏది?"

"పాతవి ఎవరు వాపస్ అడగరు మేడమ్..." అంటూ బల్ల కిందికి దూరాడు. ఆయన వెతికినంతసేపు కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాను. అది దొరక్కపోతే ఆ గొంతు ఇక ఎక్కడా లేదు. చివరికి తెగిన వైర్ల అట్టపెట్టెలో దొరికింది. దొరికాక కూడా తిట్టాను.

తర్వాత అడిగి తెలుసుకుంటే ఒంటికి కారం రాసినట్టయింది. ఆ చిన్న టేపు మీద ఉన్నది ముందు నుంచీ డిజిటలేనట. ఫైర్‌వైర్ అనే కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే, టేపు నడిచినంతసేపు అందులోది ఉన్నది ఉన్నట్టు కాపీ అవుతుంది. బొమ్మ చెడదు, మాట చెడదు. షాపాయనేమో టీవీకి పెట్టే పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో లాగి, మళ్ళీ దాన్ని పిండి చిన్న ఫైలు చేసి ఇచ్చాడు. కష్టపడి పాడుచేశాడు.

పక్క డిపార్ట్‌మెంట్ స్టోర్‌రూములో అలాంటి క్యామ్‌కార్డర్ పడి ఉంటే అడిగి తెచ్చాను. మా ల్యాబ్‌లో ఎవరూ ముట్టని ఒక పాత కంప్యూటర్‌కు ఆ కేబుల్ పట్టింది. పిండకుండా తీసుకుంటే ఫైలు చాలా పెద్దదవుతుంది, అందుకని డిస్కు ఖాళీ చేశాను. టేపు బిగుసుకుపోయి ఉంటుందని ఒకసారి చివరి దాకా తిప్పి వెనక్కి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, చప్పుడు లేకుండా ఫ్యాను కూడా ఆపేసి టేపు నడిపించాను.

"యాడ చూస్తాండావు పాపా? రోడ్డు చూడు, రోడ్డు!"

అమ్మాయి చేత్తో నోరు మూసుకుంది. నేను కంప్యూటర్ వైపు చూడలేక కేబుల్ వైపు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి షాపాయన వేస్టన్న ముక్క వచ్చింది. సైకిల్ పడిన చప్పుడు. కెమెరా ఆయన చేతికి వేలాడుతున్నట్టుంది, స్క్రీన్ నిండా రోడ్డు, ఆయన బూటు. పిల్ల ఏడుపు. ఆ ఏడుపు మీద ఆయన గొంతు, మెల్లగా, బాగా దగ్గరగా.

"ఏదీ, మోకాలు చూపీ. ఏం కాలేదులే. మీ అమ్మకు చెప్పొద్దు. స్కూల్లో పడినానని చెప్పు. లేకుంటే మనిద్దర్నీ ఉతికి ఆరేస్తాది."

ఆ మోకాలి మచ్చ నాకు తెలుసు. దానికోసమే మర్నాడు స్కూలుకు పోయి వాళ్ళ డ్రిల్లు సారుతో పెద్ద గొడవ పెట్టుకుని వచ్చాను.

"నువ్వు పడింది స్కూల్లో కాదా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నాన్న చెప్పొద్దన్నాడు కదమ్మా. ఆ మాట గుర్తుంది. గొంతే గుర్తులేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అంటే ఇన్నేళ్ళూ తండ్రీ కూతురూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారా? ఆ సారును నేను ఎన్నేసి మాటలన్నాను! మీ నాన్నను ఇంటికి రానీ, ఆయన సంగతి చెప్తా!" అని అరిచాను.

స్క్రీన్ మీద బూటు ఇంకా కదులుతోంది.

"అరవొద్దమ్మా" అంది అమ్మాయి. "నాన్న మాట వినపడటం లేదు."

నోరు మూసుకున్నాను.